ఆది జాకెట్టు

2022. హన్మకొండ చౌరస్తా వెనక సందులో నా టైలరింగ్ షాపు. బతుకమ్మ పండుగ ముందు రోజులు. అప్పుడు మాకు తిండికి టైముండదు, నడుము ఉందో విరిగిందో తెలియదు. మా పనిలో చాలామంది కొలతలివ్వరు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తెచ్చి బల్ల మీద పడేస్తారు. దాన్ని ఆది అంటాం. దాన్ని పరిచి, అదే కొలతకు గుడ్డ కత్తిరిస్తాం. మనిషి మారినా ఆది మారదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అలాంటి ఆదితో వచ్చింది శ్రావ్య, డిగ్రీ చదివే పిల్ల. వాళ్ళమ్మ అరుణకు మా సందు చివర కిరాణా దుకాణం. చిన్నప్పుడు పిల్ల బొద్దుగా ఉండేది. "మా డ్రమ్ము వస్తాంది" అని అరుణే ముద్దుగా పిలిచేది. సరుకులకు వచ్చినవాళ్ళూ అదే అందుకున్నారు. ఆ ఏడాది చూస్తే పిల్ల చిక్కి సగమైంది. తెచ్చిన ఆది మాత్రం ఇంటర్‌లో వేసుకున్నది.

ఆది ప్రకారమే కుట్టాను. వేసుకుంటే భుజాలు జారుతున్నాయి. అయినా, "పక్కలకు టైట్ అయితాంది ఆంటీ. మార్జిన్ ఇప్పి జర లూజ్ చెయ్యి" అంది. మార్జిన్ అంటే తర్వాత వదులు చేసుకోవడానికి కుట్టు లోపల వదిలే గుడ్డ. విప్పాను. మళ్ళీ వచ్చి మళ్ళీ అదే మాట. పండుగ పని నెత్తి మీదుంది, నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపే పిల్ల బల్ల పట్టుకుని కూలబడింది.

నీళ్ళు తాగించి కూర్చోబెట్టాను. "పొద్దుగాల్నుంచి ఏం తిన్నవ్ బిడ్డా?"

"చాయ్ తాగిన. ఇంకా సన్నబడాలె ఆంటీ. గింత లావుగ అందరి నడుమ బతుకమ్మ ఎట్ల ఆడాలె?"

భయమేసింది. పిల్లతో వాదించే చదువు నాకు లేదు, చేతిలో టేపుంది. "నీ నడుము ఎంతుంటదో బల్ల మీద దీన్ని గుండ్రంగ పెట్టి చూపియ్యి" అన్నాను. పెట్టింది. ఆ కొలత దగ్గర వేలితో పట్టుకుని, టేపు తీసి పిల్ల నడుముకు వేశాను. ఇంకో పిల్ల దూరేంత ఖాళీ మిగిలింది.

"తప్పు పెట్టిన ఆంటీ. మల్ల పెడుత" అంది. కళ్ళారా చూశాక కూడా, రెండోసారి పెట్టిన చుట్ట అంతే వచ్చింది.

అరుణకు కబురు పెట్టాను. వస్తూనే మొదలుపెట్టింది. "తినవే అంటే తినది అక్కా. అన్నీ వేషాలు."

"అది తర్వాత జూద్దాం. నీ బిడ్డ నడుము ఎంతుంటదో పెట్టు" అని ఆమెకూ టేపు ఇచ్చాను.

తల్లి పెట్టిన చుట్ట కూడా దాదాపు అంతే ఉంది. తనే తీసుకెళ్ళి బిడ్డకు వేసింది. ఆ ఖాళీలోంచి చెయ్యి పోయి బిడ్డ పక్కటెముకలకు తగిలింది. చెయ్యి అక్కడే ఉంచి ఏడ్చింది. "ఇన్నిరోజులు నేనేం జూసిన అక్కా? రోజూ కండ్ల ముందట్నే తిరుగుతాంది గదా."

మర్నాడే దవాఖానకు తీసుకుపోయింది. తిండితో పాటు మనసుకూ వైద్యం కావాలని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట.

ఆ ఏడాది శ్రావ్య బతుకమ్మ ఆడలేదు. టేపు చుడితే రోగాలు కుదిరేటట్టుంటే నేనీ పాటికి పెద్ద దవాఖాన పెట్టేదాన్ని. మందులు, డాక్టరమ్మతో మాటలు, తిన్ననాడు తిన్నది, తిననినాడు ఇంట్లో ఏడుపులు. అరుణ మాత్రం ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తుంది. ఎవరైనా పాత పేరు ఎత్తితే సరుకు తూచడం ఆపేస్తుంది.

ఇన్నేళ్ళ కుట్టుపనిలో నాకు అర్థమైంది ఇదే. మనసులో అందరం ఆదులు దాచుకుంటాం, మనకొకటి, మనవాళ్ళకొకటి. కొత్తగా కొలవడానికి ఎవరికీ ఓపికుండదు. నాకూ ఉండదు, అయినా ఇప్పుడు ఆది తెచ్చినవాళ్ళనూ ఒకసారి నిలబెట్టి కొలుస్తున్నాను.

మొన్న శ్రావ్య వచ్చింది. చేతిలో జాకెట్టు గుడ్డ ఒక్కటే ఉంది.

"ఆది ఏది బిడ్డా?"

"తేలే ఆంటీ. కొలిచి కుట్టు."

కొలిచినంతసేపూ గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను అంకె పైకి చదవకుండా రాసుకున్నాను.