గీత కలవని చోట తేనెటీగ

బాకిర్ హుస్సేన్ స్కూలు వ్యాను తాళాలు బావమరిదికి అప్పగించిన రోజున, శ్రీనగర్ పాతబస్తీలోని ఆ వీధి ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది: మనిషికి మతి పోయింది. తీర్మానాన్ని రొట్టెల కొట్టు దగ్గర ప్రవేశపెట్టారు, మసీదు మెట్ల మీద ఆమోదించారు. పదమూడేళ్లు పిల్లల్ని బడికి చేరవేసినవాడు నలభై ఎనిమిదో ఏట మళ్లీ కుంచె పడతానంటే వీధి మాత్రం ఏం చేస్తుంది?

పట్టడం అంత సులువూ కాదు. కాగితపు గుజ్జు డబ్బాల మీద పూలూ పిట్టలూ వేసే నక్కాషీ పని అది. వదిలి పోయినవాణ్ణి తిరిగి చేర్చుకోవాలంటే ఉస్తాద్ సఫ్దర్ అలీ ఒప్పుకోవాలి. ఆయన ఒక గుండ్రటి డబ్బా చేతిలో పెట్టి, "బాదం పూత రాలేలోగా దీని మీద బాదం పూత వేసి పట్రా. రాలాక రావద్దు" అన్నాడు. పూత ఉండేది పది రోజులు. వాన పడితే అయిదు.

ఒకప్పుడు బాకిర్ ఆ పువ్వును కళ్లు మూసుకుని వేసేవాడు. ఇప్పుడు పొరుగింటి చెట్టు ముందు కూర్చుని మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. ఫెరన్ అంగీ లోపల కాంగ్డీ కుంపటి వెచ్చగానే ఉన్నా వేళ్లు మాట వినలేదు. వ్యానుకు అలవాటైన చెయ్యి పిల్లి వెంట్రుకల కుంచెను గేరులా బిగించి పట్టింది. పొద్దున్నే లేచి ముందు ఆకాశం ముఖం చూసేవాడు, తర్వాతే భార్య ముఖం.

"జెహ్రా నాన్నా, మబ్బును అలా గుడ్లురిమి చూడకు. భయపడి కురిసేస్తుంది," అంది షమీమా, ఉప్పు టీ అందిస్తూ.

"నీకు వేళాకోళంగా ఉంది. ఇది పోతే మళ్లీ ఎక్కడానికి వ్యాను కూడా లేదు."

"తెలుసులే. మా తమ్ముడు దానికి కొత్త హారన్ కూడా పెట్టించాడు."

ఆరో రోజుకి పువ్వు వచ్చింది. రేకు మొదట్లో గులాబీ చాయ, వంకర కొమ్మ, ఒక్కో మొగ్గ బిడియం, అన్నీ వచ్చాయి. మూత చుట్టూ అంచు గీత మిగిలింది. పెన్సిల్ ఉండదు, కొలత ఉండదు. బయల్దేరిన చోటికే గీత వచ్చి చేరాలి. ఈ పనిలో మొట్టమొదట నేర్పేది అదే. బాకిర్ గీత బార్లీ గింజంత పక్కకి వచ్చి ఆగింది. తుడిస్తే పువ్వు పోతుంది. అవతల ఉరుము ఉరిమింది.

వారమంతా చెట్టు చుట్టూ తిరిగిన తేనెటీగ ఒకటి గుర్తొచ్చింది. దాన్ని సరిగ్గా ఆ సందులో కూర్చోబెట్టాడు. రెక్కల్లో వెలుతురు కూడా పడింది.

మర్నాడు వానలో తడుస్తూ ఉస్తాద్ మేడకి వెళ్లాడు. ఉస్తాద్ పూలను చూడనైనా చూడలేదు. బొటనవేలితో అంచు గీతను తడుముతూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ఈ తేనెటీగ?"

"చెట్టు మీద ఉంది ఉస్తాద్. చూసే వేశాను."

"చెట్టు మీదిది పువ్వు మీద వాలుతుంది నాయనా. నీది గీత మీద వాలింది. గీతలో తేనె ఉందా?"

కింద వీధిలో వ్యాను కొత్త హారన్ మోగింది. "గీత కలవలేదు ఉస్తాద్," అన్నాడు బాకిర్.

ఉస్తాద్ గూట్లోంచి రంగు వెలిసిన పాత డబ్బా ఒకటి తీశాడు. దాని అంచు మీద బ్రహ్మాండమైన లకుముకి పిట్ట. "పంతొమ్మిదో ఏట వేశాను. మా నాన్న పిట్టను తెగ మెచ్చుకుని, ఏడాది పొడుగునా నా చేత గీతలు గీయించాడు." గడ్డంతో గుమ్మం పక్క చాప చూపించాడు. కొత్తగా చేరినవాళ్లు కూర్చునే చోటది. "నీ చోటు అదే. గీతలు గియ్యి. నా అనుమతి లేకుండా ఈగలు వాలకూడదు."

బాకిర్ తన డబ్బా కోసం చెయ్యి చాచాడు. ఉస్తాద్ ఇవ్వలేదు, కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. మోకాళ్ల మూలాన ఆయన మేడ దిగి నాలుగేళ్లయింది.

"ఈ ఏడు ఇంత గులాబీగా పూసిందా?"

"పూసింది ఉస్తాద్."

"ఇంకా ఉందా?"

బాకిర్ కిటికీలోంచి వానను చూశాడు. "సగం ఉంటుంది."

"అయితే రేపు పొద్దున్నే రావద్దు. ఆ మిగిలిన సగం చూసి, మధ్యాహ్నం వచ్చి నాకు చెప్పు."