బొట్టు పెట్టిన డబ్బా

మేము అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో ఇల్లు కొన్న కొత్తలో పక్కింటి గరాజ్‌లో కారు స్టార్ట్ అయితే మా వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. డెబ్భైల మొదట్లో తయారైన కారు అది. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, ముదురాకుపచ్చ రంగు, ఆ ముక్కు నిండా ఇంజిను. నడిపేది డెబ్భై ఏళ్ళకి దగ్గరపడిన ఆవిడ. హైస్కూల్లో పిల్లలకి డ్రైవింగ్ నేర్పి రిటైరైంది. ఆ కారు భర్త వదిలి వెళ్ళిందీ కాదు, కొడుకు ముచ్చటపడి కొన్నదీ కాదు. పెళ్ళికి ముందు తన జీతం డబ్బులతో షోరూంలో కొత్తది కొనుక్కుని, అప్పటినుంచీ తనే నడుపుతోంది. నేనూ మా ఆయనా మాలో మేము ఆవిడని టీచరమ్మ అనుకునేవాళ్ళం.

ఆవిడని చూస్తే నాకు మొదటినుంచీ గొప్పగా ఉండేది. నేను ఫ్రీవే ఎక్కితే కుడి లేన్ వదలను, పక్కన లారీ వస్తే ఆంజనేయ దండకం ఎత్తుకుంటాను. ఆవిడ మోకాలి నొప్పితో మూలుగుతూ సీట్లో కూర్చునేది గానీ, తాళం తిప్పగానే ఆ మూలుగు ఎటుపోయేదో తెలిసేది కాదు.

మా ఆయన కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో మెషీన్ల రిపేరు చూసే ఇంజనీరు. పెరిగింది బెజవాడ ఆటోనగర్‌లో, వాళ్ళ నాన్నగారి లేత్ వర్క్‌షాపులో. అక్కడ దసరా అంటే మెషీన్లకి పండగ. ప్రతి మెషీన్‌నీ కిరసనాయిలుతో కడిగి, కొత్త రంగు కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజంతా విశ్రాంతి ఇస్తారు. అమెరికా వచ్చినా ఆయనకి ఆ పిచ్చి పోలేదు. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ల దగ్గర్నుంచి నా మిక్సీ దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే.

ఇళ్ళ ధరలు కూలిపోయి, మా వీధిలో ప్రతి మలుపులోనూ అమ్మకం బోర్డులు లేచిన ఏడాది. ఆ దసరాకి టీచరమ్మ మా గోడ పక్కనుంచి తొంగిచూసి, "ఈ బొట్లన్నీ ఎందుకు?" అని అడిగింది.

"మన కోసం పనిచేసే ప్రతిదానికీ ఏడాదికి ఒక్కరోజు దణ్ణం పెడతాం" అన్నారు మా ఆయన.

"అయితే నా కారు ఏం పాపం చేసింది?" అంది ఆవిడ.

అంతే, ఈయనకి పూనకం వచ్చింది. రెండు రోజులు ఆఫీస్‌కి సెలవు పెట్టి ఆ కారు ముక్కు తెరిచి కూర్చున్నారు. ఇంజినుకీ మనిషి కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఇనుప గోడ మీద రంగు పెచ్చులూడి ఉంది. దాని మీద బిగించిన వస్తువులన్నీ విప్పి, గోడకి ఆకుపచ్చ, వస్తువులకి నలుపు, ఒకటికి రెండు కోట్లు వేసి మళ్ళీ బిగించారు. పండగ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ గోడ మీదున్న అరచేతంత డబ్బాకి పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఆ డబ్బాలోనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటుందట. ఇంజినులో ఎప్పుడు నిప్పురవ్వ పుట్టాలో చెప్పేది అదే. "దీనికి ముందు పెట్టాలి, కారుకి ప్రాణం ఇదే" అని ఆయన అంటే టీచరమ్మ చేతులు జోడించి నిలబడింది.

పండగైన కొన్ని వారాలకి ఆ కారు ఆగడం మొదలుపెట్టింది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ పేచీ లేదు. కాసేపు నడిచి ఇంజిను బాగా వేడెక్కాక దగ్గుతుంది, తడబడుతుంది, ఉన్నట్టుండి చచ్చిపోతుంది. కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒకసారి ఫ్రీవే మధ్యలో ఆగిపోయింది. ఆవిడ ఎలాగో పక్కకి తీసి, టో ట్రక్ వచ్చేదాకా మా ఎడారి ఊళ్ళో ఇంకా తగ్గని ఎండలో నిలబడి, వడదెబ్బ తిని ఇంటికొచ్చింది.

అది విని టూసాన్‌లో ఉండే ఆవిడ కూతురు పరిగెత్తుకొచ్చింది. కారుని ఒక మెకానిక్ షాపుకి పంపించింది. వాళ్ళు నిప్పురవ్వకి కరెంటు అందించే కాయిల్ మార్చారు, లోపల ఇంకేదో మార్చారు, ఆ ఇగ్నిషన్ డబ్బా కూడా మార్చి చూశారు. అయినా ఆగింది. కొత్త డబ్బాతో కూడా ఆగాక టీచరమ్మ, "నా బొట్టున్న డబ్బా నాకు మళ్ళీ పెట్టేయండి" అని పట్టుబట్టి పాతదే బిగించుకొచ్చింది. కూతురు ఇక ఊరుకోలేదు. కొనేవాడిని మాట్లాడింది. కొత్త సంవత్సరం లోపు బాగైతే సరే, లేకపోతే కారు అతనికి వెళ్ళిపోతుంది. తల్లికి ఆటోమేటిక్‌గా అన్నీ చూసుకునే చిన్న కారు కొనిపెడుతుంది.

"అమ్మ మళ్ళీ ఆ ఫ్రీవే పక్కన నిలబడితే నేను తట్టుకోలేను" అంది నాతో. ఆ మాటలో తప్పేముంది? నా తల్లైనా నేను అదే చేస్తాను. కానీ వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అంది. "ఇన్నేళ్ళూ ఇది ఒక్కరోజు ఆగలేదు. మీ పూజ అయ్యాకే మొదలైంది."

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు మా కొబ్బరికాయ మీద పడిందేమిటని నాకు ఒళ్ళు మండింది. అమెరికాలో ఎన్ని మాటలైనా పడతాను గానీ పండగ జోలికొస్తే ఊరుకోను. ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఊళ్ళో వాళ్ళ కార్లకి పూజలు మీకెందుకండీ? మనకి లేవా కార్లు? మన క్యామ్రీకి పెట్టుకుని ఊరుకోకూడదూ?"

ఆయన టిఫిన్ తింటూ, "ఆ అమ్మాయి అన్నదాంట్లో పాయింట్ ఉందే" అన్నారు. "పండగ తర్వాతే మొదలైంది. అది డేటా. డేటా మీద కోప్పడితే ఎలా?"

ఆయన ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. లోపాన్ని కళ్ళతో చూడందే ఏ పార్టూ మార్చకూడదు. ముందు దాన్ని మన ముందు పాడవనివ్వాలి, ఎప్పుడు పాడవుతుందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పప్పులో ఉప్పు తక్కువైందని తెలిసినా రెండు ముద్దలు తిని చూసిగానీ చెప్పరు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ గుణం మీద నేను తిట్టినన్ని తిట్లు ఎవరూ తిట్టి ఉండరు. ఆ డిసెంబర్‌లో మాత్రం ఆ గుణాన్ని పక్కనే ఉండి చూశాను.

శనివారాలు పొద్దున్నే కారు మా డ్రైవ్‌వేలోకి వచ్చేది. టీచరమ్మ సీట్లో, ఈయన ఇంజిను దగ్గర, నేను కాఫీలతో. వేడెక్కితే ఆగుతోంది గనక డబ్బా వేడికి చెడిందేమో అనుకుని, నా హెయిర్ డ్రయ్యర్ తీసుకెళ్ళి ఇంజిను చల్లగా ఉండగానే ఆ ఒక్క డబ్బాని కాలేదాకా వేడిచేశారు. కారు ఆగలేదు. కాయిల్‌ని అలాగే వేడిచేశారు. ఆగలేదు. వైర్లు ఒక్కొక్కటే కదిపారు, మీటర్ పెట్టి చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేనైతే ఆపాటికి కారుని తగలబెట్టేదాన్ని. ఆయన, "గుడ్, ఇది కాదని తెలిసింది" అని మళ్ళీ మొదటికొచ్చేవారు. ఆవిడ కూడా తక్కువ తినలేదు. ఎన్నిసార్లు తాళం తిప్పమంటే అన్నిసార్లు తిప్పింది, ఒక్కసారి విసుక్కోలేదు. వేలమంది కుర్రాళ్ళకి పార్కింగ్ నేర్పినదాన్ని, ఇదో లెక్కా అంది.

ఏడాది చివరి శనివారం కూడా వచ్చేసింది. కొనేవాడు సోమవారం వస్తున్నాడు. ఇంజిను వేడెక్కి దగ్గడం మొదలుపెట్టింది. ఆ డబ్బా మీద ఎండిపోయి గోధుమరంగుకి తిరిగిన పసుపు, చెదిరిన కుంకుమ చూస్తుంటే నాకు ఆవిడ కూతురి మాట గుర్తొచ్చింది. సోమవారం ఆ కొనేవాడు వచ్చి, ఇదేమిటని అడిగితే, అందరూ నవ్వుకోవడం నేను చూడలేను. తడిగుడ్డ తెచ్చాను.

"చున్నీ ఫ్యాన్‌కి తగలకుండా చూసుకో" అన్నారు మా ఆయన. "మధ్యలో గుండ్రంగా ఉన్నది ముట్టుకోకు, షాక్ కొడుతుంది."

అంచు మీద గుడ్డ పెట్టి, ఉన్న కోపమంతా చేతిలోకి తెచ్చుకుని గట్టిగా నొక్కి తుడిచాను. చావబోతున్న ఇంజిను ఒక్కసారిగా కుదురుకుంది.

ఆయన తల తిప్పి నావైపు చూశారు. "ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదండీ. తుడిచాను."

"చెయ్యి తియ్యి."

తీశాను. మళ్ళీ దగ్గు.

"నొక్కు."

నొక్కాను. మళ్ళీ కుదురుకుంది. లోపలినుంచి టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది.

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ డబ్బాకి నెగటివ్ వైరు వేరే ఉండదట. ఇనుప గోడకి ఆనుకుని ఉండడమే దానికి ఎర్త్, కరెంటు తిరిగి వెళ్ళే దారి. పండగకని ఈయన ముచ్చటపడి గోడకి రెండు కోట్లు, డబ్బాకి రెండు కోట్లు వేసి బిగించారు. లోహానికీ లోహానికీ మధ్య ఆ రంగు మందంగా కూర్చుంది. స్క్రూల మొనల దగ్గర ఏ కాస్తో తగులుతూ మొదట కొన్ని వారాలు నడిచింది, కుదుపులకి అదీ వదులైంది. ఇంజిను వేడికి అంతా సాగినప్పుడు ఆ కాస్త కూడా వదిలేసేది. కొత్త డబ్బా పెట్టినా అదే రంగు గోడ మీద పెట్టారు గనక అదీ ఆగింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మీటర్ పట్టుకుని ప్రతి వైరూ చూసిన మనిషి, వైరే లేని చోట చూడలేదు.

అప్పటికీ ఆయన నా చేతిని నమ్మలేదు. డబ్బా అంచు కాస్త గీకి, అక్కణ్ణుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక వైరు తగిలించారు. ఇంజిను ఎంత వేడెక్కినా ఆగలేదు. వైరు తీశారు, ఆగింది. పెట్టారు, నడిచింది. అప్పుడు గానీ స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. డబ్బా విప్పి, వెనక రంగంతా గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, పళ్ళున్న వాషర్లు వేసి బిగించి, ఆ వైరుని కూడా శాశ్వతంగా ఉంచేశారు.

ఆయన చేతులు తుడుచుకుంటుంటే నేను తెలుగులో, మెల్లగా, "వాళ్ళమ్మాయికి వివరాలన్నీ చెప్పక్కర్లేదు. వైరు లూజైంది, బాగుచేశామనండి, చాలు" అన్నాను.

"పెయింట్ వేసింది నేను" అన్నారాయన. "కారణం చెప్పకపోతే ఆ అమ్మాయి ఈ కారుని ఎలా నమ్ముతుంది? మళ్ళీ ఆగదని ఎలా తెలుస్తుంది?"

వెళ్ళి అక్కడే ఫోన్ చేసి, ఆ కూతురికి మొదటినుంచీ చివరిదాకా చెప్పారు. "మీరన్నది నిజమే. పండగప్పుడే చెడింది, చెడగొట్టింది నేనే. పూజ కాదు, పెయింట్." ఇరవై ఏళ్ళలో ఆ మనిషి మీద నాకు అంత గౌరవం కలిగిన రోజు ఇంకోటి లేదు. ఆ మాట ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు, ఇందులో చదువుకోవాల్సిందే.

ఆదివారం కూతురు వచ్చింది. తల్లి పక్కన కూర్చుని, సుపీరియర్ అనే ఊరు దాటి గ్లోబ్ వైపు కొండల దాకా వెళ్ళింది. నేను మధ్యాహ్నమంతా కిటికీ దగ్గరే తచ్చాడాను. అన్నం ఎక్కలేదు. పొద్దు వాలబోతుండగా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. కారు దిగిన కూతురు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కొండ ఎక్కేటప్పుడు అమ్మ పాట పాడింది" అని మాత్రం అంది. సోమవారం ఆ కొనేవాడు రాలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి మా ఆయన బ్రష్షు ముట్టుకోలేదు. టీచరమ్మే కారు కడిగి తెచ్చి మా డ్రైవ్‌వేలో ఆపింది. కూతురు టూసాన్ నుంచి నిమ్మకాయలు తెచ్చింది, తన పెరట్లోవే. తనే వంగి టైర్ల కింద పెట్టింది. డబ్బాకి బొట్టు పెట్టబోతుంటే టీచరమ్మ మా ఆయన్ని ఆపి, పసుపు కుంకుమల పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది.

"మన కోసం పనిచేసే ప్రతిదానికీ అన్నావు కదా" అంది.

మా ఆయన కుడిచెయ్యి పట్టుకుని వెనకవైపు పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది. నేను దేనికో తెలియక నిలబడి ఉన్నాను.

"ఏ చేత్తో నొక్కావు?" అంది.

చూపించాను. ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆవిడ బొట్టు పెట్టింది. ఆ సాయంత్రం గిన్నెలు కడగడానికి నాకు మనసొప్పలేదు, మా ఆయన కడిగారు, ఎడమ చేత్తో.