అంతోనమ్మ కప్పిన ఆకులు

చెత్తబండి వాళ్ళతో అంతోనమ్మ పడిన పేచీని మా ఫిలింనగర్ బస్తీలో చూడనివాళ్ళు కూడా చూశామని చెప్పుకుంటారు. నేను నిజంగానే చూశాను. తన గది ముందున్న ఖాళీ జాగాలో ఆమె ఎండుటాకులు ఆరబోసుకుంది. నీళ్ళు పట్టుకురావడానికి అటు వెళ్ళిందో లేదో, బండి వాళ్ళు వచ్చి సగం ఎత్తేశారు. వాళ్ళ సూపర్‌వైజరు స్కూటరు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అంతోనమ్మ బిందె దించి అతని ఎదురుగా నిలబడింది.

"దింపించు నాయనా. అది నా సరుకు."

"సరుకా? ఏంది సరుకు? గిది చెత్త. బయట చెత్త పోస్తే జుర్మానా పడ్తది, ఎర్కేనా?"

"నువ్వు సినిమాలు చూస్తావా?"

"చూస్త. అయితేంది?"

"హీరో అడవిలో నడుస్తుంటే కాళ్ళ కింద గరగరమంటుంది చూడు, ఆ గరగర ఇదే. ఇన్నాళ్ళూ టిక్కెట్టు కొని నువ్వు చూసింది ఈ చెత్తనే. దింపించు."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. అతను కూడా నవ్వు ఆపుకోలేక, "జర నిమ్మలంగ ఉండమ్మా, దింపిస్త" అన్నాడు. అంతోనమ్మ అక్కడితో వదల్లేదు. ఆకుల్లో కలిసిపోయిన కోడిగుడ్డు డొల్లలన్నీ వాళ్ళ చేతే ఏరించి, మళ్ళీ ఎక్కడివక్కడ పరిపించుకుంది. నోరున్నదాన్నని నాకూ పేరుంది గానీ, ఆ రోజు నేను నోరు మూసుకుని చూశాను.

అంతోనమ్మది ఫిరంగిపురం దగ్గర పల్లె. మొగుడు సెబాస్టియన్ షూటింగుల్లో లైట్లు మోసేవాడు. గుండె ఆగి అతను పోయాక, సెట్లకు ఆకులూ తీగలూ గడ్డీ తెచ్చి పరిచే పని ఈమె పట్టుకుంది. స్టూడియోలో సిమెంటు నేల మీద అడవి లేవాలంటే అంతోనమ్మను పిలవాలి. ముందు పెద్దాకు, దాని మీద చిన్నాకు, అక్కడక్కడ ఒక పుల్ల. నడిచే చోట పొడి ఆకు, కెమెరాకు కనబడే చోట కాస్త తడిపిన ఆకు. ప్లాస్టిక్ ఆకులు చవకని ఎవరైనా అంటే, "పరుచుకోండి బాబూ, తర్వాత చప్పుడు మీ నోటితో చేసుకోండి" అనేది. ఆమె ఎదురింట్లో ఉంటూ నటుల బట్టలకు ఇస్త్రీ పెట్టి బతికినదాన్ని కాబట్టి, పనిలో ఆమె పొగరు నాకు అర్థమయ్యేది. నాకూ అంత పొగరుంది.

ఆమెకు తోడుగా మంజులత అనే పిల్ల పనిచేసేది. బోరబండ పిల్ల. తండ్రి లేడు. తల్లి బాలమణి అపార్ట్‌మెంట్లలో మెట్లు తుడుస్తుంది. పిల్లను పనిలో పెట్టిన రోజు బాలమణి, "అక్కా, గీ పోరికి తెలివి ఎక్కువ, భయం తక్కువ. నీ బిడ్డ లెక్క చూసుకో" అంది. అంతోనమ్మ అలాగే చూసుకుంది. డబ్బాలో ముక్క మిగిలితే ఆ పిల్లకే పెట్టేది.

మొన్న ఫిబ్రవరిలో ఒక సినిమా వాళ్ళు వీళ్ళిద్దరినీ కర్ణాటక కొండల్లోని అడవికి తీసుకెళ్ళారు. కథలో సగం ఆ అడవిలో తీయాలి, మిగతా సగం ఇక్కడ సెట్టు వేసి తీయాలి. అక్కడి ఆకూ ఇక్కడి ఆకూ ఒకటిగా కనబడాలి కాబట్టి, ఆ అడవి ఆకులే బస్తాలకెత్తి తేవాలి. దిగిన రోజే ఆ ఊరి ఆశా కార్యకర్త ఒక నూనె సీసా పట్టుకుని యూనిట్ దగ్గరికి వచ్చింది. ఆమె కన్నడంలో చెబుతుంటే వ్యాను డ్రైవరు తెలుగులో చెప్పాడు.

"ఈడ కోతులు చస్తున్నాయంట. వాటి మీది పిడుదులు ఆకుల్లో రాలి ఉంటాయంట. అవి కుడితే కోతి జ్వరం వస్తదంట. ఈ నూనె కాళ్ళకూ చేతులకూ రాసుకోవాల, ఆకుల మీద కూర్చోకూడదు, వచ్చినాక వేన్నీళ్ళు పోసుకుని బట్టలు ఉడకబెట్టాల. చచ్చిన కోతిని చూస్తే వెంటనే చెప్పాలంట."

పిడుదంటే వీళ్ళకు తెలిసింది గొడ్డు చెవిలో ఉబ్బి వేలాడేది. నువ్వుగింజంత కూడా లేని పిల్ల పిడుదు ఆకు కింద ఉంటుందనీ, మనిషిని పట్టుకుంటే కనబడదనీ ఎవరికి తెలుసు? నూనె వాసన చూసి అంతోనమ్మ ముక్కు మూసుకుంది. జిడ్డు చేతికి ఆకంతా అంటుకుంటుందని సీసాను వ్యానులోనే వదిలేసింది.

మర్నాడు పొద్దున ఆమె అందరికంటే ముందు ఆకుల చోటికి వెళ్ళింది. అక్కడ చెట్టు మొదట్లో ఒక కోతి చచ్చి పడి ఉంది.

మన యూనిట్లలో చచ్చిన కోతి కనబడితే ఇక ఆ పూట పని లేదు. పసుపూ కుంకుమా కొత్తగుడ్డా తెప్పించాలి, కొబ్బరికాయ కొట్టి పూడ్చాలి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకోవాలి. ఆ తర్వాత కూడా, శకునం బాలేదు ప్యాకప్ అనేవాళ్ళే ఎక్కువ. హీరో ఆ సాయంత్రమే వెళ్ళిపోతాడు, ఈలోపే అతని సీన్లు తీయాలి. పైగా చూసిందేమో మెడలో శిలువ ఉన్న మనిషి. ఈవిడ అడుగుపెట్టిన వేళ అని ఒక్కడన్నా అంటాడని అంతోనమ్మకు తోచింది. నాలుగు దోసిళ్ళ ఆకులు తెచ్చి కోతి మీద కప్పింది. శిలువ గుర్తు వేసుకుంది. అవతలి చెట్టు కింద బస్తా తెరిచి పని మొదలుపెట్టింది.

కాసేపటికి ఆర్ట్ అసిస్టెంట్ కేక వేస్తే వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మంజులత ఆ చెట్టు మొదట్లోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాట పాడుకుంటూ బస్తా నింపుతోంది. ఆకు ఇక్కడే దట్టంగా ఉంది ఆంటీ అంది. లే అనాలంటే ఎందుకో చెప్పాలి. అంతోనమ్మ లే అనలేదు.

ఇక్కడికి తిరిగొచ్చిన వారానికల్లా మంజులతకు జ్వరం కాల్చేసింది. కళ్ళ వెనక పోట్లు, తొడలు పట్టుకుపోవడం. వీధి డాక్టరు రెండు సూదులు వేశాడు, తగ్గలేదు. డెంగీ అన్నారు, పరీక్షలో అది కాదని వచ్చింది. చిగుళ్ళలో రక్తం కనబడ్డాక అంతోనమ్మే ఆటో కట్టించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అడవికి వెళ్ళామనీ, అక్కడ పిడుదుల మాట విన్నామనీ డాక్టరమ్మకు చెప్పింది కూడా ఆమే. రక్తం పుణెలోని వైరస్ ల్యాబుకు పంపారు. కోతి జ్వరమేనని వచ్చింది.

ఆ రోజు నేను గంజి పట్టుకుని వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగా చెప్పింది. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, నీరసపడకుండా రక్తం పోకుండా చూసుకోవడమే. ఒకరి నుంచి ఒకరికి అంటదు, దగ్గర కూర్చోవచ్చు. జ్వరం దిగుతోంది గానీ, కొందరికి రెండు మూడు వారాల్లో తిరగబెట్టి తలకెక్కుతుంది, అప్పటిదాకా ఏమీ చెప్పలేం. అడవి నుంచి తెచ్చి షేక్‌పేట షెడ్డులో పెట్టిన ఆకుల బస్తాలను మందు కొట్టేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. అంతా చెప్పి అంతోనమ్మ వైపు తిరిగింది.

"అక్కడ చచ్చిన కోతి ఏదైనా కనిపించిందా అమ్మా? కనిపిస్తే ఆ స్పాట్ చెప్పండి, వాళ్ళ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఇన్ఫార్మ్ చేస్తాం. కోతి పడిన చోట పిడుదులు బాగా ఉంటాయి. చుట్టూ మందు చల్లి, ఊరివాళ్ళని అటు వెళ్ళనివ్వరు."

బాలమణి అంతోనమ్మ చెయ్యి పట్టుకుంది. "చూస్తే చెప్పకుంట ఉంటదా డాక్టరమ్మా? నా బిడ్డ పాణం నిలబెట్టింది గీ అక్కనే."

"ఏమీ చూడలేదమ్మా" అంది అంతోనమ్మ, సెలైను సీసా వైపు చూస్తూ. ఎదుటి మనిషి కళ్ళలోకి తప్ప ఇంకెక్కడా చూసి మాట్లాడని మనిషి ఆమె. నాకు అక్కడే ఏదో తేడా కొట్టింది.

దీపాలు పెట్టే వేళకు మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. టీ ఇస్తే పక్కన పెట్టేసింది.

"చూశాను వదినా."

"దేన్ని?"

"కోతిని." మొత్తం చెప్పింది. చెట్టు మొదలూ, నాలుగు దోసిళ్ళ ఆకులూ, మంజులత పాటా.

"చచ్చినదాన్ని కప్పెట్టి, బతికున్నదాన్ని దాని పక్కన కూర్చోబెట్టావా?" అన్నాను. నా నోరు అలాంటిది.

"కూర్చోబెట్టాను. ఇంకా ఎంతమంది కూర్చుంటారో. ఆ ఊరి ఆడవాళ్ళు గొడ్ల చావిట్లో పరచడానికి ఆ ఆకులే ఏరుకుపోతారు. ముందురోజు నాకు ఆ ఆకుల చోటు చూపించినామె చంకలో చంటిపిల్ల ఉంది వదినా. నేను పొద్దున లేదన్నానా, ఆ పిల్ల ముఖమే కనబడుతోంది."

"గుడికి పోయి చెప్పుకోకపోయావా?"

"వెళ్ళి తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. దేవుడు విన్నాడు, ఇక ఆ తల్లికి చెప్పు అన్నారు ఫాదరుగారు."

"మరి చెప్పు. చెత్తబండి వాళ్ళ మీదికి లేచిన నోరేగా."

"అది లేవట్లేదు. బాలమణి రోజూ ఇంట్లో వండి నాకు అన్నం తెస్తుంది. నా బిడ్డను కాపాడినావు, తిను అక్కా అని కూర్చుని వడ్డిస్తుంది. తింటున్నాను వదినా. సిగ్గు లేకుండా పెరుగు కూడా పోయించుకుని తింటున్నాను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బోర్లించింది.

"రేపు పొద్దున నాతో ఆసుపత్రికి రా. డాక్టరమ్మ ముందూ బాలమణి ముందూ చెబుతాను. కానీ నా మీద నాకే నమ్మకం లేదు. కోతి దాకా వచ్చాక మాట తిప్పేస్తాను. సరిగ్గా కనబడలేదంటాను, కుక్కేమో అనుకున్నానంటాను. నీ నోటికి మొహమాటం లేదు. నేను మాట తిప్పగానే, అబద్ధం, చూసింది, తన చేతులతో కప్పింది అని నువ్వు చెప్పెయ్. ఆ చెట్టు ఎక్కడుందో డాక్టరమ్మ రాసుకునేదాకా నన్ను అక్కణ్ణించి కదలనివ్వకు. ఆ తర్వాత బాలమణి నన్ను ఏమన్నా సరే, నా తరఫున ఒక్క మాట మాట్లాడకు."