ఆరు పొరల డ్రైవరు సీటు

మా బాబాయి జీపు హారన్ గురజాల సెంటర్లో మోగితే మాచర్లలో గేదెలు పాలు ఎగ్గొట్టేవి. నమ్మనివాళ్లు మాచర్ల వెళ్లి గేదెల్నే అడగవచ్చు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే పాతకాలపు జీపు అది. వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో ట్రాక్టర్లు నడుం దాకా దిగబడి దిక్కులు చూస్తుంటే, బాబాయి కాలి పక్కనున్న చిన్న గేరు వెనక్కి లాగేవాడు. అంతే, ఇరవై మిరప బస్తాలు, బస్తాల మీద ముప్పై మంది కూలీలు, వాళ్ల ఒళ్లో కోళ్లు, అన్నీ కలిసి పెళ్లి ఊరేగింపులా గట్టెక్కేవి. నాకు గుర్తున్న బాబాయి ఆరడుగుల మనిషి. టాపు గుడ్డకు తల ఆనేంత ఎత్తున కూర్చుని, దారిన పోయే కరణాలనీ కాంట్రాక్టర్లనీ కిందికి చూసి పలకరించేవాడు.

ఆయన పోయి మూడేళ్లయింది. జీపు పిన్ని ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండిపోయింది. నెలకోసారి మెకానిక్ వచ్చి ఇంజను తిప్పేవాడు కాబట్టి దానికి ప్రాణం ఉంది. లోపల మాత్రం సర్వనాశనం. పల్నాడు జిల్లాలో ఉన్న ఎలుకలన్నీ అందులోనే పురుళ్లు పోసుకున్నాయి. వెనక బెంచీలో స్ప్రింగులు పైకి లేచి అటూ ఇటూ ఊగుతున్నాయి. డ్యాష్‌బోర్డు మీద మీటర్ల అద్దాలు పసుపెక్కి, ఏ ముల్లు ఎక్కడుందో తెలియడంలేదు. ఆ మూడేళ్లలో పిన్ని షెడ్డులో అడుగు పెట్టలేదు. మెకానిక్ ఇంజను తిప్పినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసేది. మిక్సీలో ఏమీ ఉండేది కాదని నాకు తెలుసు, మెకానిక్‌కి తెలుసు, మిక్సీకీ తెలుసు.

ఒక ఆదివారం నేను నరసరావుపేట నుంచి చూడటానికి వెళ్తే పిన్ని కాఫీ చేతికిచ్చి, ఎటో చూస్తూ చెప్పింది.

"హైవే మీద హోటలాయన మళ్లీ కబురంపాడురా. బండిని గుమ్మం ముందర నిలబెట్టుకుంటాడంట. సీట్లల్లో పూలకుండీలు పెడతాడంట. జనం ఫోటోలు దిగుతారంట."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటా? ఎలకలకన్నా పూలకుండీలు నయం గదా."

నా గుండెలో క్లచ్చు జారింది. బాబాయి కూర్చున్న చోట బంతిపూల కుండీ, దాని పక్కన ఎవరో నవ్వుతూ ఫోను పైకెత్తడం కళ్లముందు మెదిలాయి. నేను బాగు చేయిస్తానన్నాను. నాకు ఒక్క నెల ఇమ్మన్నాను. కాఫీ కూడా తాగకుండా అడిగాను, నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

పిన్ని నా కాఫీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "సరే. లోపలంతా మీ బాబాయి ఉన్నప్పుడు ఎట్టా ఉండేదో అట్టా చేయించుకురా. నేనెక్కి కూర్చుంటా. కూర్చోగలిగితే బండి మనింట్లో ఉండిద్ది. లేకపోతే హోటలాయనకిచ్చేద్దాం. మళ్లీ నన్ను అడగమాక."

నరసరావుపేటలో సీట్లు కుట్టే ఒక సాయిబు గారి దగ్గరికి బండి చేర్చాను. అరవై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉంటాయి, వాటిని కదపకుండానే మాట్లాడతాడు, టీ తాగుతాడు, బహుశా నిద్ర కూడా పోతాడు. ఆయన డ్రైవరు సీటు మీద అరచెయ్యి వేసి, డాక్టరు పొట్ట నొక్కినట్టు నొక్కి చూశాడు.

"సార్, ఇది ఒక సీటు కాదు. చానా సీట్లు."

నిజమే. బాబాయి ఎప్పుడు సీటు చిరిగినా పాతది తీయించేవాడు కాదు. దాని మీదే కొంచెం స్పాంజి పరిచి, కొత్త రెక్సిన్ కుట్టించేవాడు. మా ఇళ్లలో పాత సున్నం గీకకుండా దాని మీదే కొత్త సున్నం కొట్టినట్టన్నమాట. అది పిసినారితనం అని మా ఇంటిల్లిపాదికీ అభిప్రాయం.

"పైదొక్కటి మారుద్దాం సార్. లోపలివి గట్టిగానే ఉన్నయ్, ఉండనీండి," అన్నాడు సాయిబు గారు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. ఆ వారంలో నేను పాత జీపుల మరమ్మతు మీద ఫోనులో నాలుగు వందల వీడియోలు చూశాను. దేశదేశాల వాళ్లు వాటిని విప్పి, గీకి, ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలా చేసేశారు. నేనూ వాళ్ల స్థాయికి ఎదిగిపోయాను.

"మొత్తం తీసెయ్యండి భాయ్. ఒరిజినల్ కావాలి నాకు."

"ఒక్కసారి ఇంట్లో అమ్మగారిని అడిగితే..."

"ఆమెకేం తెలుసు భాయ్ సీట్ల సంగతి?"

ఆయన సూదులు ఈ పెదవి చివరి నుంచి ఆ చివరికి జరిపాడు. కత్తెర తీశాడు.

మొదటి పొర గోధుమరంగు. చివరి రోజుల్లో ఆయన వేయించుకున్నది. దాని కింద నీలం. పిన్నికి ఆపరేషన్ అయినప్పుడు గురజాల నుంచి నరసరావుపేటకు ఆ నీలం సీటు మీద ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. నీలం కింద తెల్ల అంచు ఎరుపు. దాని కింద, అల్లా సాక్షిగా అన్నాడు సాయిబు గారు, చిరుతపులి మచ్చలు. అది నా పెళ్లినాటిది. పెళ్లికొడుకుని ఊరేగించే బండికి ఆమాత్రం దర్జా ఉండాలని బాబాయి పట్టుబట్టాడు. తను పులి మీద అయ్యప్పలా కూర్చుని, నన్ను వినుకొండ దాకా తీసుకెళ్లాడు. పులి కింద పచ్చ, పచ్చ కింద నలుపు. పొరకూ పొరకూ మధ్య నుంచి ముప్పై ఏళ్ల మిరప గింజలు రాలాయి. ఆ మధ్యాహ్నం నరసరావుపేటలో సగం ఊరు తుమ్మింది. మిగతా సగం కళ్లు తుడుచుకుంది, అందులో నేనొకణ్ణి. ఘాటు వల్లేనని సాయిబు గారికి చెప్పాను.

ఆరు పొరలూ తీశాక అడుగున ఖాకీ గుడ్డ, కొబ్బరి పీచు, ఇనప ఫ్రేము తేలాయి. ఇరవై రోజుల్లో సాయిబు గారు దాన్ని కొత్తపెళ్లికూతుర్ని చేశాడు. కొత్త పీచు, కొత్త ఖాకీ, వెనక బెంచీలకు కొత్త స్ప్రింగులు, మీటర్లకు కొత్త అద్దాలు, కింద మందపాటి రబ్బరు పట్టా. బండి అప్పగిస్తూ పాత రెక్సిన్లను స్పాంజితో సహా చుట్టి, గోనెలో కట్టి వెనకాల పడేశాడు.

"చెత్త నాకెందుకు భాయ్?"

"మీ ఇంటివి సార్. మీరే పారేసుకోండి."

నడుపుకుంటూ గురజాల బయల్దేరాను. సీటు కొంచెం లోతుగా అనిపించింది కానీ ఒరిజినల్ అంటే ఇలాగే ఉంటుందనుకున్నాను. హారన్ మోగించుకుంటూ ఇంటి ముందు ఆపాను. ఈసారి మిక్సీ చప్పుడు రాలేదు. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. డ్రైవరు వైపు ఆగింది. సీటు మీద చెయ్యి వేసి చూసింది.

"ఎవరి సీటురా ఇది?"

"బాబాయిదే పిన్నీ. ఒరిజినల్."

"కాదు. ఆయన ఇందులో కూర్చుంటే ఎదర రోడ్డు కనపడదు."

నాకు అర్థం కాలేదు. ఆమె కొంగుతో స్టీరింగు తుడుస్తూ అంది, "మీ బాబాయి ఎంత పొడుగనుకుంటున్నావ్?"

"ఆరడుగులు."

పిన్ని నవ్వింది. మూడేళ్లలో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. "ఐదడుగులకి రెండంగుళాలు తక్కువరా పిచ్చోడా. నీ భుజానికొచ్చేవాడు. కింద దిండేసుకుంటే జనం నవ్వుతారని, చిరిగిన వంకబెట్టి ఒకదాని మీదొకటి కుట్టించుకున్నాడు. బండిలో కూర్చున్నాక ఎవుడికీ తెలవదు గదా."

నేను తొమ్మిదో తరగతిలోనే ఆయన్ను దాటి పెరిగి ఉంటాను. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. బండి దిగిన బాబాయి ఎలా ఉండేవాడో గుర్తు చేసుకోబోతే, ప్రతిసారీ బండి మీదే కనిపించాడు.

"ఇప్పుడు తీసిపారేశావ్ గదా," అంది పిన్ని. కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది. ఆమె గుమ్మం వైపు తిరిగింది. రెండడుగులు వేసింది కూడా. హోటలాయన కుండీలు నా కళ్లముందు వరసగా దిగుతున్నాయి.

"పారెయ్యలేదు పిన్నీ. గోనెలో ఉన్నయ్."

ఆమె వెనక్కి వచ్చింది. గోనె తనే విప్పింది. ముందు నలుపు పరిచింది, దాని మీద పచ్చ, తర్వాత పులి. ఏది దేని మీదో నన్ను అడగలేదు. గోధుమరంగుది పైన వేసి, అరచేత్తో రెండు పక్కలా సర్దింది. తర్వాత అటు తిరిగి వెళ్లి పక్క సీటు ఎక్కింది. ఎక్కగానే నడుం సడలించి కిందికి జారి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది.

"అట్టా వంగావేంది పిన్నీ? సీటు బాలేదా?"

"నేను ఆయనకన్నా మూడంగుళాలు పొడుగురా. నిటారుగా కూర్చుంటే బాగుండదని ముప్పై ఏళ్లు ఇట్టానే కూర్చున్నా. ఆయనకి తెలిసినట్టు నాకెప్పుడూ చెప్పలేదు." పక్కకు తిరిగి, ఖాళీ సీటు పైన గాలిలో చెయ్యి ఒక చోట నిలిపింది. "ఇదిగో, ఇక్కడికొచ్చేది తల."

ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉంది.

చివరికి చెయ్యి దించుకుని, "ఎక్కు. కారెంపూడి దాకా పోయొద్దాం. మధ్యలో ఆ హోటలాయనకి ఫోన్ చేసి కుండీలు వేరే చోట పెట్టుకోమని చెప్పు," అంది.

ఎక్కాను. ఆరు పొరల మీద కూర్చుంటే నా తల టాపు గుడ్డను గుడారంలా పైకి లేపింది. పొరలు తీద్దామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. మెడ వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కనుబొమ్మల కింద నుంచి రోడ్డు చూసుకుంటూ గేరు వేశాను. పక్కన ఆమె ఇంకా అలాగే జారి కూర్చుని ఉంది. ఊరి చివర మిరప కళ్లాల దగ్గర ఎవరో ఆగి మా ఇద్దరినీ వింతగా చూశారు.

"మెల్లగా పోనీరా," అంది పిన్ని, ముందు అద్దంలోంచి కాకుండా పక్కనుంచి బయటికి చూస్తూ. "నాకీ సీట్లోంచి ఎదర ఏమీ కనపడదు. ఎక్కడున్నామో ఆయనే చెప్పేవాడు."

నేను చెప్పడం మొదలుపెట్టాను.