ఏడో తరం జాడీ

ఆ జాడీని అటెండరు ముట్టుకోలేదు. ఈ మాట నేను ఎనభైల్లోనే చెప్పాల్సింది.

తిరుపతిలో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజులవి. అన్నం మెతుకంత ఉండే ఉప్పునీటి రొయ్యల్లో అన్నాచెల్లెళ్లనే జతచేసి, ఒక జాడీలో తరం తర్వాత తరం పెంచేవాణ్ణి. అలా పెంచుకుంటూ పోతే చివరికి అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు తయారవుతాయి. నీళ్లలో పురుగుమందు కలిపి చూసినప్పుడు, తేడా మందు వల్ల వచ్చిందా పుట్టుకతో వచ్చిందా అన్న అనుమానం ఉండదు. వాటికి సూళ్లూరుపేట అవతల నుంచి సముద్రపు నీళ్లు డబ్బాల్లో పట్టి బస్సు మీద తెచ్చేవాడు మా అటెండరు. యాభై దాటిన మనిషి. రోజుకూలీ మీద ఉన్నాడు, ఆ ఏడాది పర్మనెంటు చేస్తారని ఆశ.

జాడీ చూసి ఊరికే ఉండేవాడు కాదు.

"ఏం సార్, మీరు మాత్రం మామ కూతుర్ని చేసుకుంటా ఉండారు, వాటికి సొంత చెల్లెలా? ఒక్క బయటి సంబంధమన్నా చూడండి సామీ, పాపం తగల్తాది."

"సరేలేప్పా, సంబంధం నువ్వే చూడు," అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నా నిశ్చితార్థానికి చిత్తూరు వెళ్తూ రెండు రోజుల మేత ఒకేసారి వేశాను. వేయకూడదని తెలుసు. తిరిగొచ్చేసరికి నీళ్లు తెల్లగా చెడిపోయి కంపు కొడుతున్నాయి. ఏడో తరంలో ఒక్కటీ మిగల్లేదు. ఏడాది పని. జాడీ కడిగి, అన్నీ కలిసి పెరిగే మామూలు తొట్టిలోంచి ఒక జతను తీసి వేసి, 'ఏడో తరం' అని రాసిన పాత చీటీ అలాగే ఉంచాను.

వాటి పిల్లలు ఎదిగాక మా ప్రొఫెసరు మైక్రోస్కోపు కింద చూసి తలెత్తారు.

"ఇవి ఒక్క తీరుగా లేవే. బయటివి ఎవరు కలిపినారు?"

అటెండరు తలుపు దగ్గర డబ్బాలు దించుతున్నాడు.

"ఇతనే సార్, ఎప్పుడూ బయటి సంబంధం చూడమంటుంటాడు," అన్నాను.

అతను ఆ మాట అనేది నిజమే. అందుకే నమ్మారు.

"ఎగతాళికన్నాను సార్, మా పిల్లోళ్ల మీద ఒట్టు," అని అతను నా వైపు చూశాడు. అది ఎగతాళేనని నేను చెబుతాననుకున్నాడు. నేను జాడీ మీది చీటీని గోటితో గీరుతూ నిలబడ్డాను. మర్నాటి నుంచి అతన్ని పనిలోకి రావద్దన్నారు.

నేను మళ్లీ మొదటి తరం నుంచి పెంచి డాక్టరేటు తెచ్చుకున్నాను.

కొన్నేళ్లకు ఏర్పేడులో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే, తలమీద ఇటుక దుమ్ముతో అతనే దగ్గరికొచ్చి పలకరించాడు. నా పిల్లల గురించి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ జాడీలో కలిపిందెవురో తెలిసినాదా సార్?" అన్నాడు.

"లేదప్పా," అన్నాను.

అప్పుడే బస్సు వచ్చింది. తిరుపతికి పోయేది కాదు. అయినా ఎక్కేశాను.