వెనక అట్ట చదివే మావయ్య

మా మావయ్యకి టీవీ సీరియలంటే భయం. దెయ్యాల సీరియలే కానక్కర్లేదు, ఏ సీరియలైనా సరే. తెర మీద ఎవరైనా మెట్లు దిగుతుంటే పడిపోతారేమోనని బెంగ, ఫోను మోగితే చావుకబురేమోనని బెంగ. అందుకని ఇంట్లో టీవీ పెట్టుకోలేదు. దానికి బదులు సీరియళ్ల సంగీతం ఆల్బంలు కొన్నాడు. పాత రికార్డులు, క్యాసెట్లు, సీడీలు కలిపి నాలుగువందల పైచిలుకు. ఒక్కటీ చూడకుండా అన్ని సీరియళ్ల సంగీతం పోగుచేసిన మనిషి ఇంకొకడు ఉంటాడనుకోను.

పోనీ వాటినైనా తిన్నగా వింటాడా అంటే, వినడు. ముందు వెనక్కి తిప్పి, అట్ట మీది ట్రాకుల పేర్లు రక్తపరీక్ష రిపోర్టు చదివినట్టు చదువుతాడు.

“తొమ్మిది, వానలో పరుగు. పది, ఆస్పత్రి మెట్లు.” ఇక్కడ గుటక మింగుతాడు. “పదకొండు, మళ్లీ నవ్వింది. హమ్మయ్య, పిల్ల గట్టెక్కింది.”

ఆ తరవాతే పాట పెడతాడు. చివరి పేరు మంచిది కాకపోతే ఆ పూట అన్నం సయించదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఇదేం దిగులని అత్తయ్య విసుక్కునేది.

వీధిలో అందరికీ ఆయనంటే హడలు. ఒక హత్య సీరియలు ఇంకా నడుస్తుండగానే దాని ఆల్బం బజార్లోకి వచ్చేసింది. సెలూన్లో గడ్డం గీయించుకుంటూ మావయ్య, ఏడో ట్రాకు ‘తోటమాలి ఒప్పుకోలు’ కదా, పాపం ఆ తోటమాలికి పిల్లలున్నారో ఏమోనని పైకే బాధపడ్డాడు. హంతకుడెవరని ఏడాదిగా పందేలు కాస్తున్న వీధి వీధంతా నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు. సెలూనాయనైతే మిగతా సగం ఇంటికెళ్లి గీసుకోమన్నాడు.

ఉద్యోగం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం. లేనిది ఉన్నట్టు అచ్చయితే ఆయన ప్రాణం ఒప్పుకోదు. ఒక డాక్టరుగారు కరపత్రంలో తన పేరు ముందు ‘ప్రఖ్యాత’ అని వేయమంటే, ఆయనకే ఫోన్ చేసి, “ఎంతమేరకు ప్రఖ్యాతులండీ?” అని అడిగాడు. యజమాని తల పట్టుకున్నాడు.

అలాంటి మనిషికి అసలైన పరీక్ష మా అమ్మ వల్ల వచ్చింది. అమ్మ ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆస్పత్రిలో చేర్చుకుని గుండె ఆపరేషన్ చేయాలన్నారు, ఆలస్యం చేస్తే ప్రమాదమన్నారు. అమ్మ రెండేళ్లుగా వదలకుండా చూస్తున్న సీరియల్లో ఒక స్టేషన్ మాస్టరున్నాడు. సరిగ్గా ఆ వారమే రచయిత ఆయన్నీ స్ట్రెచర్ ఎక్కించి ఆపరేషన్ థియేటర్లోకి పంపించాడు. చివరి ఎపిసోడ్ ఇంకో పది రోజులకి గానీ రాదు.

“ఆయన లేస్తే నేనూ లేస్తాను. అది తేలేదాకా నేను సంతకం పెట్టను,” అంది అమ్మ.

డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, నాన్న బతిమాలాడు. ఉహూఁ. ఆల్బం వస్తే అన్నయ్య చూసి చెబుతాడుగా అని కూర్చుంది.

మూడోరోజు వచ్చింది ఆల్బం. షాపుకి మావయ్యతో నేనూ వెళ్లాను. వెనక్కి తిప్పే ధైర్యం లేక ఆయన నాకిస్తే, అట్ట నేను తిప్పాను. పన్నెండో ట్రాకు, చిట్టచివరిది, పేరు ‘ఖాళీ కుర్చీ’. మావయ్య షాపు మెట్టు మీద కూలబడిపోయాడు. కాసేపటికి లేచి, ఆ ఆల్బం కొనుక్కుని అచ్చాఫీసు వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే వార్డుకి వచ్చి ఆల్బం అమ్మ చేతిలో పెట్టాడు. “నువ్వే చదువుకో,” అన్నాడు, గోడకేసి చూస్తూ. చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అమ్మ వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివింది. పన్నెండు దగ్గర ఆగింది. అక్కడ ‘ఇంటిదారి’ అని ఉంది.

అమ్మ కాసేపు ఆ అట్టనీ, అన్నయ్యనీ మార్చి మార్చి చూసి, కాగితాలు తెమ్మని సంతకం పెట్టేసింది. థియేటర్లోకి తీసుకెళ్లేముందు నర్సు వచ్చి, వేళ్లకి ఈ మసేంటమ్మా, ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెడితే అంకె చూపించట్లేదని కోప్పడి, స్పిరిటుతో తుడిచింది. ఆ ఐదు గంటలూ మావయ్య వరండాలో కుర్చీలన్నిటి మీదా వరసగా కూర్చున్నాడు, ఒక్కటీ ఖాళీగా కనిపించకూడదన్నట్టు.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మకి కాస్త ఓపిక వచ్చాక, మేమిద్దరమే ఉన్నప్పుడు అంది:

“సిరా ఆరని ఆల్బం ఏ కంపెనీ అమ్ముతుందిరా? వేలు పెట్టగానే తెలిసింది, ఆ స్టేషన్ మాస్టరు ఇంక లేడని.”

“మరి సంతకమెందుకు పెట్టావు?”

“మీ మావయ్య జన్మలో మొదటిసారి అబద్ధం అచ్చేయించాడు. అంత తెగించినవాణ్ణి వదిలేసి ఎలా పోతాను?” మళ్లీ తనే అంది, “అసలా భయం వాడిది కాదురా, నాది. చిన్నప్పుడు సీరియల్ చూస్తూ గుక్కపట్టి ఏడ్చేదాన్ని. అందరూ పిరికిదని ఆటపట్టించేవాళ్లు. నాకు ముగింపు ముందే చెప్పడానికి వాడు మొదటి రికార్డు కొన్నాడు. ఎవరైనా అడిగితే భయం తనకేనని చెప్పేవాడు. చెప్పీ చెప్పీ నిజంగానే భయస్తుడైపోయాడు, వెర్రినాగన్న.”

నాకు నవ్వూ వచ్చింది, మావయ్య మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది.

చివరి ఎపిసోడ్ వచ్చిన రోజు అమ్మ టీవీ పెట్టలేదు. అన్నయ్య చెప్పాక ఇంక చూసేదేముందని తీసిపారేసింది. తనకి తెలుసునని ఆయనతో ఇప్పటికీ అనలేదు. మావయ్యకి మాత్రం ఆ ఎపిసోడ్ మళ్లీ వేస్తారేమోనని కొత్త బెంగ పట్టుకుంది. పేపర్లో కార్యక్రమాల పట్టిక చూసి, అది వేసే పూట తప్పకుండా వచ్చేస్తాడు. కళ్లజోడు ఫ్రేము వదులైంది, మార్చుకోవాలి, తోడు రమ్మంటాడు. అమ్మ కిక్కురుమనకుండా చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఇప్పటికి ఆయన ఆరు ఫ్రేములు మార్చాడు.