“చూసొచ్చినవా?” అని అడిగే మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. పోయిన శుక్రవారం పొద్దున, హనుమకొండలో దవాఖానాలో, నా కళ్ల ముందే. పెద్దమ్మ అంటున్నా గాని రక్తసంబంధం కాదు. నా జ్ఞానస్నానం రోజు నన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆమె. పెళ్లి చేసుకోలేదు. కొత్తవాడలో ఉంటూ, ఆదివారం పూజ అయ్యాక మా చర్చి విచారణలోని పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. మీలో కొందరికి ఆమె తెలిసే ఉంటుంది.

పది ఆజ్ఞలు గడగడా అప్పజెప్పి గట్టెక్కుదామంటే ఆమె దగ్గర మా పప్పులు ఉడికేవి కావు. “చిలక గూడ జెప్తది. మొన్న చెల్లెనెందుకు గొట్టినవో అది జెప్పు” అనేది. పెద్దయ్యాక ఏదైనా తేల్చుకోలేక ఆమె దగ్గరికి పోతే, తన నిర్ణయం మా చేతిలో పెట్టేది కాదు. “మనసుకు తోచిందల్ల మనస్సాక్షి గాదు బిడ్డా. దానికి గూడ సదువు జెప్పాలె. వాక్యం సదువు, ఫాదర్‌ను అడుగు, జర ప్రార్థన చెయ్యి. గని ఆఖరికి దేవుని ముంగట నిలవడేది నువ్వే.”

మా తమ్ముడు మట్టెవాడలో బండితో ఒక ముసలాయనను గుద్దాడు. వాడు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడని పోలీసులకు చెప్పమని ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. ఏడ్చుకుంటూ పెద్దమ్మ దగ్గరికి పోయాను.

“అబద్ధం అబద్ధమే, అది నీకెరుకే. ఆ ముసలాయనను చూసొచ్చినవా?”

“లేదు పెద్దమ్మా.”

“ముందుగాల పోయి సూడు. నీ మాట ఎవలి మీద పడ్తదో వాళ్ల మొకం సూడకుంట ఏం నిర్ణయం జేస్తవ్?”

పోయాను. కాలికి కట్టుతో పడుకున్న ఆయన, “మీ తమ్మునికేం తాకలేదు గద బిడ్డా?” అన్నాడు. ఇక అబద్ధం నా నోట రాలేదు. తమ్ముడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి నా మాట పడేది పెద్దమ్మ మీదే. దగ్గరున్నది నేనే. కాన్సర్ ముదిరి స్పృహ పోయింది. “ఊపిరి మిషన్ పెడితే కొన్నాళ్లు లాగొచ్చు, గని కోలుకోదమ్మా. మీరే చెప్పాలె” అన్నాడు డాక్టర్. ఆమె మేనల్లుడు ఫోన్‌లో “పెట్టించు అక్కా, లోకమేమంటది?” అని ఒకటే పోరు. ఫాదర్ వచ్చి నుదుట పవిత్ర తైలం పూసి అవస్థ అభ్యంగనం ఇచ్చారు. “చావును తొందరపెట్టొద్దు. ఫలితం లేని వైద్యంతో సాగదీయాలని మాత్రం తిరుసభ అడగదమ్మా. నొప్పికి మందు, పక్కన మనిషి, ఈ రెండూ ఆపొద్దు” అన్నారు.

లోపలికి పోయి ఆమె ముఖం చూశాను. చాలాసేపు చూశాను. బయటికి వచ్చి మిషన్ వద్దన్నాను.

తప్పు చేయలేదనే నమ్ముతున్నాను. అయినా గుండె ఊరుకోవడం లేదు. సరైనదే చేసినా ఇంత నొప్పి ఉంటుందని పెద్దమ్మ ఎన్నడూ చెప్పలేదు. అడుగుదామంటే ఇప్పుడెవరిని అడగను?

శుక్రవారం పొద్దున తడి దూదితో ఆమె పెదవులు అద్దుతూ పరలోక జపం చెప్తున్నాను. ‘మీ చిత్తము’ దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు జపం మధ్యలో ఆగితే తర్వాతి మాట ఆమే అందించేది. అలవాటుగా ఆమె నోటి వైపు చూశాను. పెదవుల మీద తడి ఇంకా ఆరలేదు. ఊపిరి లేదు.